నాలుగులో ఒక ముక్క

మారికుప్పంలో బయలుదేరి బెంగళూరు వెళ్ళే పొద్దుటి రైల్లో సీటు దొరకడం మాటలు కాదు. బంగారు గనులు మూతబడ్డాక మా కేజీఎఫ్‌లో సగం ఊరు ఆ రైలెక్కి పనికి పోతుంది, ఆ రైల్లోనే కునికిపాట్లు పడుతూ ఇంటికి వస్తుంది. పోయిన వారం నా అదృష్టం బాగుండి కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురు సీట్లో మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒక ఉద్యోగి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. భుజం వెనక రూపాయి నాణెమంత తెల్లటి బిళ్ళ ఒకటి అతికించి ఉంది. దానికి ఫోను ఆనించి, ఫోనులో కనబడిన గీతను పక్కనున్న స్నేహితుడికి చూపించాడు.

"చూడు మచ్చా, రాత్రి రెండు మసాలా దోసెలు తినినాను గదా. ఈడ చూడు, షుగరు ఎట్ల ఎక్కేసినాదో."

"నీకు షుగర్ ఉండాదా?"

"లేదప్పా. సుమ్నే, ఊరికే. ఏది తింటే ఏమైతాదో చూస్తా ఉండాను."

నేను ఉండబట్టలేక ముందుకు వంగి, "చూసే ముందు చెయ్యి కడుక్కున్నావా నాయనా?" అని అడిగాను. అతను నన్ను వింతగా చూసి, "దీనికి వేలితో పనే లేదు మేడమ్, చెయ్యి కడిగేది ఏంటికి?" అన్నాడు. నిజమే. నేను వెనక్కి ఆనుకుని, కిటికీలోంచి సైనైడ్ దిబ్బలు, బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి గుట్టలు, వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ ప్రశ్న అడగడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఎవరి వల్ల వచ్చిందో ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గనక ఈ బిళ్ళను చూసి ఉంటే ఒక భుజానికి ఒకటి అతికించుకుని, అది చెప్పేది నిజమో కాదో చూడడానికి రెండో భుజానికి ఇంకొకటి అతికించుకునేవారు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా ఊళ్ళో ఎక్కువమందికి తెలియదు. శాంపిల్ సార్ అంటేనే తెలుసు.

అప్పట్లో నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. గని మూసేసిన కొత్త కాదు, అలాగని మరిచిపోయినంత పాతా కాదు. పనిలేని మగవాళ్ళు టీ అంగళ్ళ దగ్గర పొద్దు పుచ్చే రోజులు. ఒక ఉదయం సన్నగా, పొడుగ్గా, చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకున్న మనిషి లోపలికొచ్చి, కౌంటరు మీద ఒక చిన్న గ్లూకోమీటరు పెట్టి, ఒక కన్ను మూసి మా మెషిన్ వైపు చూశారు.

"ఏమ్మా, మీ మెషిన్ నిజం చెప్తాదా?"

నాకు ఒళ్ళు మండింది. "అబద్ధం చెప్పే మెషిన్ని ఎవరైనా పెట్టుకుంటారా సార్?"

"పెట్టుకుంటారమ్మా. తెలీకుండా పెట్టుకుంటారు." కోపం లేదు, వెటకారం లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పారు. "వారం దినాలు వస్తాను. చేతిలోంచి నువ్వు రక్తం తియ్యి. అదే నిమిషంలో వేలు పొడిచి నేను దీంట్లో చూస్తాను. రెండూ ఎంత దూరంలో ఉండాయో తెలిసిపోతే, ఇంగ నేను నిన్ను ఇబ్బంది పెట్టను."

వారం రోజులూ వచ్చారు. ఎనిమిదో రోజు, "మీ మెషిన్ మంచిదే. నాది రవంత ఎక్కువ చెప్తాది. ఎంత ఎక్కువో తెలిస్తే అది అబద్ధం కాదు" అని రెండు మెషిన్లకూ కలిపి సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళారు. పిచ్చివాడో గొప్పవాడో నాకు అర్థం కాలేదు. కానీ తొమ్మిదో రోజు పొద్దున తలుపు వైపు చూశాను, వస్తారేమోనని.

గనిలో ఆయనది అస్సే ఆఫీసు. కింద సొరంగాల్లోంచి వచ్చిన రాయిలో బంగారం ఎంత ఉందో పరీక్షించి చెప్పే చోటు అది. రాయిని పొడి చేసి కుప్పగా పోస్తారు. కుప్పను చదును చేసి, అడ్డంగా నిలువుగా గీతలు గీసి నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగిలిన రెండూ కలిపి మళ్ళీ కుప్ప పోస్తారు. మళ్ళీ నాలుగు. అలా చేస్తూ పోతే చివరికి పిడికెడు మిగులుతుంది. ఆ పిడికెడు చెప్పే మాట బండెడు రాయి చెప్పే మాటతో సమానం కావాలి. ముప్పై ఏళ్ళు ఆయన చేసిన పని అదే. గని మూసేశాక, భార్య అంతకు ముందే పోవడం వల్ల, ఒంటరిగా మిగిలారు. ఆ తర్వాతే షుగర్ ఉందని తేలింది. ఇక పరీక్షించడానికి రాయి లేదు గనక ఆయన తన ఒంటినే పెట్టుకున్నారు.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భోజనానికి కూర్చున్నారు. పళ్ళెంలో వేడి వేడి రాగి సంగటి. దాన్ని చిన్న త్రాసులో తూచి, పళ్ళెంలో పెట్టి, అరచేత్తో అదిమి, గరిట కాడతో అడ్డంగా నిలువుగా గీత గీశారు. నాలుగు ముక్కలు. ఎదురెదురు రెండు తీసి పక్క గిన్నెలో పెట్టారు. మిగిలిన రెండూ అనపగింజల పితికిపప్పు పులుసులో ముంచుకుని తిన్నారు. ఆ రెండు ముక్కలు రేపు పొద్దుటికట.

"చద్ది సంగటి, ఉడుకు సంగటి. రెండింటికీ తేడా ఉండాదమ్మా. చద్దిదైతే నా ఒంట్లో షుగరు తక్కువ ఎక్కుతాది. పది తూర్లు చూసినాను."

"నిజంగానా?" అన్నాను. నాకు అప్పటికి అది తెలియదు.

"నా మాట నమ్మద్దు. నువ్వు చూసుకో."

ఆ మాట ఆయన ఊతపదం. ప్రతి సలహా చివరా అదే. అది వినయం అనుకునేదాన్ని. కాదు, గర్వం. తను కొలిచినంత జాగ్రత్తగా ఇంకెవరూ కొలవరని ఆయనకు గట్టి నమ్మకం.

గని మూసేసిన రోజుల్లో ఆఫీసు బయట పారేసిన ఖాళీ ఫారాలు ఒక కట్ట తెచ్చుకుని దాచుకున్నారు. శాంపిల్ నంబరు, తీసిన చోటు, బరువు, ఫలితం అని నాలుగు వరసలుండేవి. తీసిన చోటు అన్నదాని కింద "ఎడమ చెయ్యి, ఉంగరం వేలు" అని రాసేవారు. ఆ కాగితాలన్నీ దారంతో కుట్టిన పుస్తకాన్ని చూస్తూ కూర్చుంటే నాకు పొద్దు తెలిసేది కాదు. ముందు ఆకుకూర తిని తర్వాత సంగటి తింటే ఒక ఫలితం, ముందు సంగటి తింటే ఇంకొకటి. తిని కూర్చుంటే ఒకటి, తిని సైనైడ్ దిబ్బ చుట్టూ నడిస్తే ఒకటి. సాయంత్రం ఆరు తర్వాత ఏమీ తినకుండా ఉంటే పొద్దున ఎంత, తింటే ఎంత. "గనికి మూడు షిఫ్టులమ్మా. పొట్టకు రెండు చాలు. మూడో షిఫ్టుకు లాకౌట్" అనేవారు.

ఒకసారికి ఒక్కటే మార్చాలి, అది ఆయన చట్టం. డాక్టరు ఇచ్చిన మాత్ర జోలికి మాత్రం పోయేవారు కాదు. "మాత్రా మార్చి, తిండీ మార్చి, నడకా మార్చితే ఇంగ ఏది పని చేసిందని చెప్పేది? మాత్ర డాక్టరుది. నేను ముట్టను." వేగిస చెక్కతో చేసిన గ్లాసులో నీళ్ళు పోసుకుని తాగితే షుగర్ పోతుందని ఎవరో చెబితే, ఒక వారం చెక్క గ్లాసు, ఒక వారం స్టీలు గ్లాసు పెట్టుకుని తాగారు. ఎలా ఉందని అడిగితే, "నీళ్ళకు రంగొచ్చినాది. రిపోర్టుకు రాలే" అన్నారు. పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. రంగు రావడం కూడా రాసి పెట్టుకున్నారు.

ఆయనకు ఉన్న ఒకే ఒక్క రక్తసంబంధం క్యాసంబళ్ళిలో ఉండే అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆమే పెంచిందట. మామిడి తోట, రెండు ఆవులు, కొడుకూ కోడలూ. ఆమెకూ షుగర్. ప్రతి వేసవిలో మొదటి కోత రసపురి మామిడి పళ్ళు ఒక గంప బస్సులో వేసి తమ్ముడికి పంపేది. వాటిలో ఒక్క పండు కూడా ఆయన తినేవారు కాదు, అక్కా తినేది కాదు. దాని కథ పుస్తకంలో ఒక పేజీ. ఒక వేసవిలో ఆయన ఒక రసపురి పండు తిని, రెండు గంటల తర్వాత వేలు పొడిచి చూస్తే మూడు వందల ఎనభై దాటింది. నమ్మకుండా రెండో చేతి వేలు పొడిచారు. అదీ అంతే. రెండు శాంపిళ్ళూ ఒకే మాట చెప్పాయి గనక అది ఖాయం. "మామిడి, వద్దు" అని రాసి, అక్కకు కబురు పెట్టారు.

అక్కను నేను ఒకసారి ల్యాబులో చూశాను. గట్టి మనిషి. "పండ్లు తినడం లేదంట గదా అమ్మా?" అంటే, "తమ్ముడు చెప్పినాడు పాపా. ముప్పై ఏండ్లు రాయిలో బంగారం కనిపెట్టినోడు. వాడు చెప్తే తప్పుండదు" అంది. "నా మాట నమ్మద్దు" అనే మనిషిని అంతగా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. తోటలో ఉండి, ఇంటి నిండా పళ్ళ వాసన పెట్టుకుని, మూడు వేసవులు ఒక్క ముక్క నోట పెట్టలేదు.

ఆ మూడో వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉన్నాను. గంప వచ్చింది. నాకోసం ఆయన రసపురి పళ్ళు పిసికి గిన్నెలోకి రసం పిండుతున్నారు. మోచేతి దాకా కారుతోంది. తను తినకపోయినా పిండి పెట్టడం ఆయనకు ఇష్టం. అంతలో గోడ గడియారం చూసి, "రెండు గంటలైపోయె" అని లేచారు. మధ్యాహ్నం సంగటి తిన్న రెండు గంటలకు పరీక్ష చేసుకోవాలి. తడిబట్టకు చేతులు తుడుచుకుని, స్పిరిట్ దూదితో వేలు రుద్ది, సూదితో పొడిచి, మీటరు చూశారు.

మూడు వందల తొంభై.

ఆయన మొహం పాలిపోయింది. రెండో చేతి వేలు పొడిచారు. మూడు వందల డెబ్భై. "అదే సంగటి. అదే బరువు. నూటయాభై దాటేది కాదు" అన్నారు. ఆ క్షణంలో ఆయన భయం నాకు పూర్తిగా తెలిసింది. షుగర్ పెరిగిందని కాదు. ఇన్నేళ్ళ పుస్తకం అంతా అబద్ధమైపోతుందని.

నేను బల్ల మీద ఆయన పడేసిన దూది చూశాను. పచ్చగా ఉంది.

"సార్, చెయ్యి కడుక్కోండి. సబ్బుతో."

"స్పిరిట్ పెట్టినాను గదమ్మా."

"స్పిరిట్ పురుగుల్ని చంపుతుంది సార్. పండు చక్కెరను చంపదు."

ఆయన నీళ్ళ బిందె వైపు చూశారు. మా ఊళ్ళో కుళాయి వారానికోసారి వస్తే పండగ. ఒక చెంబు నీళ్ళు పారబొయ్యాలంటే చెయ్యి రాదు. అందుకే తడిబట్ట, అందుకే స్పిరిట్. నేనే బిందె వంచి రెండు చెంబులు పోశాను. సబ్బుతో రుద్దుకుని, తుడుచుకుని, మళ్ళీ పొడిచారు.

నూట నలభై ఎనిమిది.

ఆయన మీటరు పక్కన పెట్టి అన్నారు. "బంగారం ఎక్కువుండే రాయి పొడి చేసినాక, పళ్ళెం తుడవకుండా ఇంకో రాయి వేస్తే ఏమైతాదో తెలుసునా? ఉత్త రాయి కూడా బంగారం మాదిరి కనిపిస్తాది. ముప్పై ఏండ్లు అందరి దగ్గరా పళ్ళేలు తుడిపించినాను. నా చెయ్యి నేను చూసుకోలేదు."

"మామిడిపండు తిన్ననాడు రెండు వేళ్ళు చూశారు కదా సార్."

"ఆ పొద్దూ రెండు చేతులతోనే పండు తింటిని. మురికి పళ్ళెంలో రెండు తూర్లు చూస్తే రెండు తూర్లూ ఒకటే అబద్ధం."

అప్పుడు నేను చెప్పక తప్పలేదు. "స్పిరిట్ పెట్టి పొడవమని మీకు నేర్పింది నేనే సార్. ఆ సీసా ఇచ్చిందీ నేనే." రోజుకు ఎంతమంది వేళ్ళు పొడిచేదాన్నో, ఒక్కరినీ చెయ్యి కడుక్కోమని అడిగింది లేదు. ఎన్ని తప్పు కాగితాలు రాసిచ్చానో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన పుస్తకం తీసి మూడేళ్ళ కిందటి పేజీ తిప్పారు. తప్పు అంకెను కొట్టేస్తారనుకున్నాను. కొట్టెయ్యలేదు. పక్కన చిన్న అక్షరాలతో రాశారు: "చెయ్యి తప్పు. పండు తప్పు కాదు." సంతకం చేసి, పెన్ను నా వైపు తోశారు.

"నువ్వూ పెట్టు. నువ్వు నేర్పించినావు, నేను చెక్ చెయ్యలేదు. రెండు సంతకాలుండాల."

పెట్టాను. నా జీవితంలో అంత సిగ్గుపడుతూ పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

వెంటనే అక్క దగ్గరికి పరుగెత్తుతారనుకున్నాను. లేదు. పది రోజులు ఆగారు. సబ్బుతో కడుక్కున్న చేతులతో రోజు మార్చి రోజు మామిడి తిని చూసుకున్నారు. నిండు పండు తింటే ఎక్కుతోంది. నాలుగు భాగాలు చేసి ఒక భాగం, భోజనం చివర తింటే, పెద్ద తేడా లేదు. అది తేలాకే, "పదమ్మా, రెండో సంతకం నీదే గదా" అని నన్ను వెంటబెట్టుకుని క్యాసంబళ్ళి బస్సెక్కారు.

అక్క వసారాలో కాయలు ఏరుతోంది. ఆయన చెప్పులు విప్పి, కూర్చోకుండానే అన్నారు.

"అక్కా, నేను నీకు తప్పు రిపోర్టు ఇచ్చినాను."

"ఏం రిపోర్టురా?"

"మామిడిపండుది. పండు రసం చేతికి ఉన్నింది. అది కడుక్కోకుండా చూసినాను. రక్తంది కాదు, చేతిది వచ్చినాది ఆ లెక్క."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలోని కాయ కింద పెట్టింది.

"చెయ్యి కడుక్కోకుండా చూసి చెప్పినావా?"

"ఊఁ."

"నేనేమో మనవరాండ్లకు పండు కోసిచ్చినాక, యాడ వేలు నాకేస్తానో అని ప్రతి తూరీ సబ్బేసి కడుక్కుంటిని గదరా! మూడేండ్లు!"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన తల వంచుకుని, "తిట్టక్కా" అన్నారు. ఆమె తిట్టలేదు. "తిట్టి ఏం చేసేది. లోపల మాగినవి ఉండాయి, పో, కోసుకురా" అంది.

ఆయన ఒక పండు తెచ్చి నాలుగు భాగాలు చేసి ఒకటి అక్కకు ఇచ్చారు. ఆమె కళ్ళు మూసుకుని, తొక్క తెల్లబడేదాకా గీరి తింది. ఆ రెండు గంటలూ మేం ముగ్గురం వసారాలో కాయలు ఏరుతూ కూర్చున్నాం. తర్వాత ఆయనే స్వయంగా చెంబుతో నీళ్ళు పోసి అక్క చేతులు కడిగించారు. నేను వేలు పొడిచాను. అదే నాలుగో వంతుకు ఆమెకు ఆయనకంటే బాగా ఎక్కువే ఎక్కింది.

మీటరు చూసి ఆయన ఒక కన్ను మూసుకున్నారు. "చూడమ్మా, ఇది రెండో తప్పు. గనిలో ఒక రీఫ్ రిపోర్టు, అదే ఒక బంగారు పొరది, ఇంకో రీఫ్‌కు రాయకూడదని మొదటి దినమే నేర్పించినారు. రాయి పక్కపక్కనే ఉన్నా సరే. నేను నాది తీసుకపోయి అక్కకు రాసేసినాను." మొహంలో బాధ ఉంది గానీ, దాని వెనక కొత్త సంగతి తెలిసినప్పటి మెరుపూ ఉంది. దాన్ని ఆయన దాచుకోలేకపోయారు. "అక్కా, నీకు నాలుగులో ఒకటి కాదు, ఎనిమిదిలో ఒకటి."

"పోరా! నీ ఎనిమిదీ నువ్వూ!" అంది ఆమె. కానీ ఆ వేసవి నుంచి ప్రతిరోజూ భోజనం చివర ఎనిమిదిలో ఒక ముక్క తినేదని కోడలు చెప్పింది.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన గుండె ఆగి పోయారు. అదీ మామిడి రోజుల్లోనే. కొలిచి కొలిచి ఏం సాధించాడని మా వీధిలో ఎవరో అన్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన వందేళ్ళు బతకడానికి కొలవలేదు. తెలుసుకోవడానికి కొలిచారు. తెలుసుకున్నది తప్పైతే, బస్సెక్కి పోయి ఆ తప్పు ఒప్పుకున్నారు. అలాంటివాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. ఆ మాట, అన్నవాళ్ళ మొహం మీదే చెప్పేశాను.

పదకొండో రోజుకు క్యాసంబళ్ళి వెళ్ళాను. అక్కే ఆయన పేరిట విస్తరి వేసింది. సంగటి పెట్టింది, తూచకుండా. పితికిపప్పు పులుసు పెట్టింది. చివరికి గంపలోంచి ఒక రసపురి పండు తీసింది. కొడుకు కత్తి అందించాడు. నాలుగు భాగాలు చేసి ఒకటి పెడుతుందనుకున్నాం అందరం. ఆమె కత్తి పక్కన పెట్టేసింది. పండును నీళ్ళతో కడిగి, నిండు పండు అలాగే విస్తరి మీద పెట్టి, దాన్ని రెండు చేతులతో కొంచెంసేపు పట్టుకుంది.

"ఈ పొద్దు కొలతలు లేవురా తమ్ముడా. పూరా తిను."

తర్వాత లేచి వెళ్ళి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, ఇంకో పండు కోసి తన ఎనిమిదో వంతు ముక్క తను తింది. నాకూ ఒకటి ఇచ్చింది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక ఎందుకో గడియారం చూశాను. పండు తిని సరిగ్గా రెండు గంటలయింది. ఆయన రిపోర్టు చూసుకునే టైము.